ఆమెను కూర్చోమన్నది నేనే

ఉపదేశి పనిలోకి కొత్తగా వచ్చిన మీరు ముగ్గురూ మొన్న మా ఇంటికొచ్చి, టీ తాగి, "తాతా, మీ అనుభవాలు రాసివ్వండి, మాకు పనికొస్తాయి" అన్నారు. సరే, పనికొచ్చేవే రాస్తాను. ఎంతమందికి జ్ఞానస్నానం ఇప్పించానో, ఏ పండక్కి ఎవరు శాలువా కప్పారో రాయను. ఆ శాలువాలు మా ఆవిడ ఎప్పుడో చలికాలంలో లేనివాళ్లకు తలా ఒకటి ఇచ్చేసింది, మంచి పని చేసింది. నేను చేసిన తప్పులు రాస్తాను. మెచ్చుకోవడానికి మీకు ఎవరో ఒకరు దొరుకుతారు. తప్పు మాత్రం చేసినవాడే చెప్పుకోవాలి.

మన పని

ఉపదేశి అంటే చిన్న ఫాదర్ అనుకుంటారు కొందరు. ఆ భ్రమ మొదటి నెలలోనే వదిలించుకోండి. నేను 1949లో అబిడ్స్‌లో మా గుడికి వచ్చి చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పోలీస్ యాక్షన్ అయిన కొత్త. ఊళ్లలోంచి జనం పట్నానికి వచ్చిపడుతున్నారు. నా పనేమిటంటే, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీల నుంచి గన్‌ఫౌండ్రీ దాకా సైకిల్ మీద తిరగడం, జబ్బుపడ్డవాళ్ల మంచం పక్కన ఫాదర్ వచ్చేదాకా కూర్చోవడం, సాయంత్రాలు జ్ఞానోపదేశం చెప్పడం. ఇదంతా పైపని. అసలు పని ఒక్కటే. మన మతంలోకి రావాలని వచ్చిన మనిషితో నెలల తరబడి కూర్చుని, చివరికి ఫాదర్ దగ్గరికెళ్లి "ఈ మనిషి సిద్ధం" అని చెప్పడం. ఆ రెండు ముక్కలు చెప్పడానికే మనల్ని పెట్టుకున్నారు. అవి తేలిగ్గా చెప్పేవాడు ఈ పనికి పనికిరాడు.

మా పెద్ద ఫాదర్ ఇటలీ నుంచి వచ్చినవారు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు కాబట్టి పుస్తకంలాగే మాట్లాడేవారు. "రాయప్పా, నీవు ఏల ఆలస్యముగా వచ్చితివి?" అనేవారు. నవ్వామా, చెవి మెలిపెట్టేవారు. కోపిష్టి మనిషి, కానీ అబద్ధమాడరు, ఎదుటివాడు ఆడితే సహించరు. అలాంటి పెద్దల కింద పని చేయడం కష్టం. మెత్తటివాళ్ల కింద చేసినప్పుడు నేను నేర్చుకున్నదేమీ లేదు.

బేగంబజార్ ఎల్లయ్య

నా మొదటి రెండేళ్లూ నేను అప్పజెప్పించుకునే మేస్టారుని. ప్రశ్న నేను చదవాలి, జవాబు వాళ్లు గడగడా చెప్పాలి. ఒక్క మాట తప్పినా "ఇంకో నెల ఆగు" అనేవాణ్ని. కుర్రతనం, దానికి తోడు చేతిలో పుస్తకం. ఇంకేం కావాలి?

ఎల్లయ్య అని బేగంబజార్‌లో బస్తాలు మోసే హమాలీ వచ్చేవాడు. పొద్దంతా మిర్చి బస్తాలు మోసి, తుమ్ముకుంటూ వచ్చి కూర్చునేవాడు. ఏడు సంస్కారాలు చెప్పమంటే నాలుగు చెప్పి ఆగిపోయేవాడు. మూడుసార్లు వెనక్కి పంపాను. నాలుగోసారి ఫాదర్ తలుపు దగ్గర నిలబడి విన్నారు. లోపలికొచ్చి తనే అడిగారు.

"ఎల్లయ్యా, దేవుడు నిన్ను ఏల పుట్టించెను?"

"నాకేమెర్క ఫాదరూ," అన్నాడు ఎల్లయ్య. "పుట్టించెటోడు పుట్టించిండు, మోసెటోన్ని మోస్తున్న. ఎందుకని ఆయన్నే అడుగుదామని వచ్చిన."

ఫాదర్ పకపకా నవ్వారు. ఆయన అలా నవ్వగా నేను చూడటం అదే మొదలు. ఎల్లయ్యను పంపించేశాక నావైపు తిరిగారు. "ఈ మనుష్యుడు అడుగుటకు వచ్చెను. నీవు అప్పజెప్పించుకొనుటకు కూర్చుంటివి. మీలో ఎవరు సిద్ధముగా లేరు?" అన్నారు. నా ముఖం మాడిపోయింది.

ఆ రోజుతో కంఠస్థం పిచ్చి వదిలింది. అయితే పాఠం సగమే వంటబట్టింది. వాళ్లని అడగనివ్వాలని తెలుసుకున్నాను. నేను కూడా వాళ్లని అడగాలని తెలుసుకోలేదు. అది తెలియడానికి ఒక తల్లి, ఒక కూతురు నా చేతిలో నలిగిపోవాల్సి వచ్చింది. ఇక ఆ సంగతే రాస్తాను.

ట్రంకు కాల్స్ అమ్మాయి

1951లో వానలు వెనకబట్టాక, ఒక సాయంత్రం తెల్లచీర కట్టుకున్న అమ్మాయి వచ్చి గుడి మెట్ల దగ్గర నన్ను ఆపింది. పేరు సుగుణ. ఇరవై ఆరేళ్లుంటాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని. దూరపు ఊళ్లకు ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరు.

"కతోలిక్కు కావాల్నంటె ఏం చెయ్యాలె?" అంది.

ఆ వయసు ఆడపిల్ల వచ్చిందంటే నేను అడిగే ప్రశ్న ఒకటుండేది. అదే అడిగాను. "అబ్బాయి ఎవరమ్మా? మా గుడి వాడేనా?"

"ఏ అబ్బాయి?"

"అదే, పెళ్లి చేసుకోబోయే అబ్బాయి."

ఎగాదిగా చూసింది. "అందరు పెండ్లి కోసమే వస్తరా మీ తానికి? మీ గుడిల ఇంకేం లేదా?"

లోపలికి రమ్మని బెంచీ చూపించాను. కూర్చుని తన సంగతి చెప్పింది.

"పొద్దంత నా చెవుల ఎవరో ఒకలు మాట్లాడుతనే ఉంటరు అన్నా. బొంబాయోడు, మద్రాసోడు, వాళ్ల లొల్లి, వాళ్ల ఏడుపు. డ్యూటీ దిగి గిట్ల నడిచిపోతుంటె, జర సేపు చప్పుడు లేని జాగల కూసుందామని లోపలికొచ్చిన. గాడ ఎర్రదీపం కనబడ్డది. ఎందుకని ఒక ముసలామెను అడిగిన. 'ఆయన ఉన్నడు బిడ్డా, అందుకే' అన్నది. మా దగ్గర ప్రభువును జ్ఞాపకం చేసుకునుడు అంటరు. మీ దగ్గర ఉన్నడంటున్నరు. ఉన్నడా? ఉంటె చెప్పున్రి. లేకుంటె గదన్న చెప్పున్రి, పోత."

"ఉన్నాడు," అన్నాను.

"అయితె నేర్పున్రి," అంది.

ఆరు నెలల్లో ఒక్క పాఠం తప్పలేదు. ఎప్పుడు ఏ డ్యూటీ పడినా సరే, వచ్చి కూర్చునేది. వాదించేది, అరగంట వాదించి "ఔ, గిది నిజమే" అని ఒప్పుకునేది. నలభై ఏళ్లలో నాకు దొరికిన శిష్యుల్లో ఆమెను మించినవాళ్లు లేరు. ఆమె వచ్చింది పెళ్లి కోసం కాదు, పని కోసం కాదు, ఆ ఎర్రదీపం దగ్గరుండే సత్ప్రసాదం కోసం, ప్రభువు శరీరమే అని మనం నమ్మి తీసుకునే ఆ అప్పం కోసం. ఆకలైనవాళ్లు అన్నానికి వచ్చినట్టు వచ్చింది.

ఆమెకు తల్లి ఒక్కతే. ఎస్తేరమ్మ. అరవై ఏళ్ల విధవరాలు. నాంపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. అక్కడికి దగ్గర్లోని ప్రొటెస్టెంటు తెలుగు సంఘంలో ఇద్దరూ పుట్టి పెరిగినవాళ్లు. ఆ సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభు బల్ల, అందరూ లేచి వెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. ఆ బల్లకు రొట్టె ఎస్తేరమ్మ చేతిది. ఇరవై ఏళ్లుగా శనివారం పొద్దుగూకే వేళ చేతులు కడుక్కుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని, గోధుమపిండి కలిపి, మందంగా ఒకే ఒక్క రొట్టె పెనం మీద కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి పెట్టేదట. సుగుణమ్మ ఈ మాట మొదటి వారంలోనే చెప్పింది. నా చెవిన పడింది, బుర్రకెక్కలేదు. నాకు నా పాఠం చెప్పే తొందర.

నేను ఇచ్చిన సలహా

ఇవాళ రెండు గుళ్లవాళ్లూ ఒకరి పండక్కి ఒకరు వెళ్తున్నారు. మీకు ఈ సంగతి వింతగా ఉంటుంది. ఆ రోజుల్లో నియమం గట్టిది. మన దగ్గర ఉపదేశం తీసుకుంటున్న మనిషి అవతలి సంఘంలో బల్ల తీసుకోకూడదు. మన దగ్గర సత్ప్రసాదం లోకువ కాదు కాబట్టి, ఉపదేశం పూర్తయి చేర్చుకునేదాకా ఇక్కడా ఇవ్వరు. సుగుణమ్మను 1952 ఈస్టర్‌కి చేర్చుకోవాలని ఫాదర్ నిర్ణయించారు. అందాకా ఆరు నెలలు.

"అయితె ఆరు నెలలు నేనెక్కడ తినాలె?" అని అడిగింది.

"ఎక్కడా వద్దు. ఓపిక పట్టు."

"అమ్మతోని గుడికన్న పోవచ్చా? ఒక్కతే పోదు."

ఇక్కడ నేను ఫాదర్ని అడగాలి. అడగలేదు. నాకు తెలియనిది లేదు కదా! అక్కడికక్కడే జవాబు చెప్పేశాను. "వెళ్లు. అమ్మ పక్కనే కూర్చో. అందరూ బల్ల దగ్గరికి లేచినప్పుడు నువ్వు లేవకు. అంతే. ఇంట్లో మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పకు. చుట్టాలంతా మీద పడతారు, నీ మనసు చెదురుతుంది."

ఎంత సులువుగా చెప్పానో! ఎందుకంటే మా గుడిలో లేవకుండా కూర్చోవడం ఎవరికీ పట్టని పని. ఆ రోజుల్లో సత్ప్రసాదం కావాలంటే ముందురోజు అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టకూడదు. ఒకరు పొద్దున్నే చాయ్ తాగేసి వచ్చి ఉంటారు, ఒకరు ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసి ఉండరు, ఒకరికి ఆ రోజు మనసు లేదు. సగం బెంచీలు కూర్చునే ఉంటాయి. ఎవరూ తల తిప్పి చూడరు. నేను పుట్టినప్పటి నుంచి చూసింది అదే. గుడి అంటే ఎక్కడైనా ఇంతే అనుకున్నాను.

ఆ గుడిలో అలా కాదు. బల్లకు ముందు వారం సంఘపెద్దలు ఇల్లిల్లూ తిరుగుతారు. అత్తాకోడళ్ల తగాదా ఉంటే తీరుస్తారు, మాటల్లేని అన్నదమ్ములను కలుపుతారు. ఆదివారం వరస వెనక వరస అందరూ లేచి వెళ్లాల్సిందే. లేవనిది ఎవరంటే, సంఘం ఆపినవాళ్లు. రెండో పెళ్లి చేసుకున్న ఒకాయన నాలుగేళ్లు అలా కూర్చున్నాడట. అలాంటి బెంచీ మీద, పెళ్లికాని పిల్లను, రాత్రి డ్యూటీలు చేసే పిల్లను, నేను కూర్చోబెట్టాను. కారణం ఎవరికీ చెప్పొద్దని కూడా నేనే చెప్పాను.

మొదటి నెల చూశారు. రెండో నెల గుసగుసలాడారు. తల్లి అడిగితే సుగుణమ్మ "నేనేం తప్పు చెయ్యలేదమ్మా, జర ఓపిక పట్టు" అంది. మూడో నెల దానియేలు అనే సంఘపెద్ద ఇంటికొచ్చి, "ఎస్తేరమ్మా, గీ నెల సంది రొట్టె వేరేవాళ్లు తెస్తరు" అని చెప్పి వెళ్లిపోయాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

ఇదంతా జరుగుతుంటే నేనేం చేస్తున్నాను? వారానికి రెండు సాయంత్రాలు ఆమె ఎదురుగా కూర్చుని పాఠం చెప్తున్నాను. మనిషి చిక్కిపోతోంది, కళ్ల కింద నలుపు. డ్యూటీల వల్ల అనుకున్నాను. సిగ్గుచేటు.

సోమవారం

ఈస్టర్ ఇంకో ఆరు రోజుల్లోకి వచ్చింది. ముందు ఆదివారం మాకు మ్రానికొమ్మల పండగ, ఆ సంఘంలో అదే రోజు ప్రభు బల్ల. మర్నాడు సోమవారం సాయంత్రం సుగుణమ్మ వచ్చింది. కూర్చోలేదు.

"రాయప్పన్నా, నిన్న మా గుడిల బల్ల కాడికి పోయిన. రొట్టె తిన్న, గిన్నెల తాగిన."

నాకు ఒళ్లు మండిపోయింది. "మతి పోయిందా నీకు? ఇంకా ఆరు రోజులు! ఆరు నెలలు ఆగినదానివి ఆరు రోజులు ఆగలేకపోయావా? రెంటికీ చెడ్డ రేవడివి అవుదామనుకున్నావా?" అని అరిచాను. గుడి ఆవరణలో ఉన్నానన్న స్పృహ కూడా లేదు.

నేను అరవడం అయ్యేదాకా ఆగింది. అప్పుడు మొత్తం చెప్పింది. పైన నేను రాసిందంతా, ఆ గుడిలో కూర్చోవడమంటే ఏమిటో, రొట్టె ఎలా ఆగిపోయిందో, నేను మొదటిసారి విన్నది ఆ సోమవారమే.

"శనివారం పొద్దుగూకితె అమ్మ చేతులు కడుక్కుంటది అన్నా. పిండి కలిపేది లేదు, పెనం పెట్టేది లేదు. అయినా కడుక్కొని కూసుంటది. నాలుగు నెలల సంది చూస్తున్న. నిన్న అందరు లేసిన్రు. నేను లేవలే. అమ్మ గూడ లేవలే. నా బిడ్డ కూసుంటె నేనొక్కదాన్ని ఎట్ల పోతనని కూసున్నది. ఇరవై ఏండ్లు ఆ బల్లకు రొట్టె చేసిన మనిషి! అందరు చూస్తున్నరు. నేను ఆమె చెయ్యి పట్టి లేపిన. ఇద్దరం పోయినం."

నా నోట వచ్చింది పనికిమాలిన మాటే. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"మీరు పాఠం అడిగిన్రు, చెప్పిన. ఇంటి సంగతి ఎన్నడు అడగలే."

అప్పుడు నాకు పిరికి ఆలోచన వచ్చింది. రాస్తున్నాను, చదవండి. "ఫాదర్‌కి చెప్పను. ఆరు రోజులు కళ్లు మూసుకుంటే గడిచిపోతాయి. తర్వాత పాపసంకీర్తనంలో నువ్వే చెప్పుకో" అన్నాను. ఆమె కోసమే అన్నానని అప్పుడు నమ్మాను. నా సలహా బయటపడకూడదని కూడా అలా అన్నానని తర్వాత ఒప్పుకున్నాను.

"వద్దు," అంది. "నేను దొంగతనంగ తినలే. అందరి ముందట తిన్న. తప్పయితె తప్పని ఆయనే చెప్పనీ. మీరు చెప్పకుంటె నేను చెప్త. ఇంకోటి గూడ చెప్త. అమ్మ మళ్ల గట్ల కూసుంటె, మళ్ల లేపుత."

ఫాదర్ తీర్పు

ఇద్దరం వెళ్లాం. ఫాదర్ కిటికీ దగ్గర నిలబడి విన్నారు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది, ఒక్క మాట తగ్గించలేదు. నా పేరు మాత్రం ఎత్తలేదు.

"ఆ ఆలయమునకు పోయి, లేవక కూర్చుండుమని నీకు ఎవరు చెప్పిరి?" అని అడిగారు ఫాదర్.

ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది. నేను ఊరుకుంటే ఆ ప్రశ్న అలాగే పోయేది. ఊరుకుందామనీ అనిపించింది. నాకు అప్పటికి పెళ్లయి ఎనిమిది నెలలు, ఈ పని పోతే వేరే దారి లేదు. గోడ మీద గడియారం కొట్టుకుంటోంది.

"నేనే ఫాదర్," అన్నాను. "ఆమెను కూర్చోమన్నది నేనే. మిమ్మల్ని అడగలేదు. ఇంట్లో చెప్పొద్దన్నదీ నేనే."

ఫాదర్ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నన్ను మూడు నెలలు పాఠం చెప్పొద్దన్నారు. గుడి ఊడవడం, గంట కొట్టడం, అంతే. సుగుణమ్మను ఈ ఈస్టర్‌కి చేర్చుకోనన్నారు. వచ్చే ఈస్టర్‌కి. ఇంకో ఏడాది. ఈ లోపల రెండు చోట్లా ఏదీ ముట్టకూడదు.

నా విషయంలో ఆయన తీర్పు సరైనది, తక్కువే వేశారు. ఆమె విషయంలో తప్పు. ఆ రోజే తప్పనుకున్నాను, ఇప్పటికీ అంటాను. నియమం ఆయన పెట్టింది కాదు, తెలుసు. కానీ తల్లి చెయ్యి పట్టి లేపిన బిడ్డకూ, ఎగతాళిగా రెండు పడవల్లో కాళ్లు పెట్టినవాడికీ ఒకే కొలత వేశారు. పెద్దలు కూడా పొరబడతారు. వాళ్ల కింద పని చేస్తూనే ఆ మాట మనసులో స్పష్టంగా ఉంచుకోండి.

ఆమె కళ్ల నీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. "ఏడాదే కద ఫాదర్. వస్త," అంది.

అవతలి గుమ్మం

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాలేదు. సుగుణమ్మ బల్ల తీసుకోవడంతో సంఘం సంతోషపడింది, బిడ్డ దారికొచ్చిందనుకుంది. ఎస్తేరమ్మను మళ్లీ రొట్టె చేయమన్నారు. అసలు సంగతి తెలిసిన రోజున ఏమవుతుంది? సుగుణమ్మ ఇంటికెళ్లి తల్లికి అంతా చెప్పేసింది. ఎస్తేరమ్మ రెండు రోజులు మాట్లాడలేదట. మూడోరోజు, "నువ్వు మోసం చేసినవని వాళ్లు అనకముందే, రొట్టె చెయ్యనని నేనే చెప్త" అందట.

ఆ మాట విన్నాక నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. గుడి ఊడ్చే చీపురు మూలన పెట్టి, శనివారం మధ్యాహ్నం సైకిలెక్కాను. సంఘపెద్దలు వాళ్ల పాస్టరు అయ్యగారి ఇంట్లో కూడతారని తెలుసు. మా ఉపదేశి ఆ ఇంటి గుమ్మం తొక్కడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు. ఈసారీ ఫాదర్ని అడగలేదు. అడిగితే వద్దంటారని తెలిసి అడగలేదు. ఆ తేడా నాకు తెలుసు.

చెప్పులు బయట విడిచి లోపలికెళ్లాను. ఎస్తేరమ్మ అప్పటికే అక్కడుంది, గోడవారగా చాప మీద కూర్చుని. నేనెవరో చెప్పగానే దానియేలు లేచి నిలబడ్డాడు.

"మా మందల గొర్రెను ఎత్కపొయ్యెటోనివి, మళ్ల మా ఇంటికే వచ్చి న్యాయం చెప్తవా? ఎంత ధైర్యమయ్యా నీకు!"

"న్యాయం చెప్పనీకి రాలేదయ్యా, తప్పు ఒప్పుకోనీకి వచ్చిన," అన్నాను. "సుగుణమ్మ మీ గుడిల కూసున్నది నా మాట మీద. ఎందుకని ఎవలకు చెప్పొద్దన్నది గూడ నేనే. ఆ పిల్ల చేసిన వేరే పాపం ఏం లేదు. మీరు ఏమేం అనుకున్నరో నాకు తెలుసు. అనుకున్నదంత నా నెత్తిన వెయ్యిన్రి. ఆమె మతం మారుడు ఆమె ఇష్టం, దాన్ని నేను తప్పనను. కాని గా తల్లి చేతులేం చేసినయ్?"

పాస్టరు అయ్యగారు పెద్దవయసు మనిషి. అద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగారు.

"బల్ల దినాన కూర్చుండిపోతే మా దగ్గర ఏమనుకుంటారో నీకు తెలియదా?"

"తెలియదు అయ్యగారూ."

"ఆరు నెలలు పాఠం చెప్పావు. ఒక్కసారైనా అడగలేదా?"

"అడగలే."

ఆయన అద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది. నాయనలారా, ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ రెండు ప్రశ్నల్లో ఉంది. ఒక మనిషిని లేవమనే ముందు, కూర్చోమనే ముందు, వాళ్లు వచ్చిన ఇంట్లో లేస్తే ఏమంటారో, కూర్చుంటే ఏమంటారో అడగండి. అది అడగని ఉపదేశికి ఎన్ని పుస్తకాలు నోటికొచ్చినా దండగే.

అంతలో ఎస్తేరమ్మ మాట్లాడింది. "నా బిడ్డ చెయ్యరాని పని చెయ్యలేదని పదిమందిల తెలిసింది, గంతే చాలు అయ్యగారూ. రొట్టె ఇంకెవలన్న చెయ్యున్రి."

"ఎస్తేరమ్మా," అన్నారు అయ్యగారు, "నీ బిడ్డ పేరు మన రిజిస్టరులోంచి కొట్టేయక తప్పదు. నాకూ బాధే. రొట్టె మాత్రం నువ్వే తేవాలి."

"జనం ఏమంటరు?" అన్నాడు దానియేలు.

"రేపు ఆరాధనలో నేనే చెప్తాను. ఆ తర్వాత ఎవరేమన్నా నాతో అనమను."

నన్ను వెళ్లమన్నారు. గుమ్మం దాకా వచ్చి, "ఎండలో వచ్చావు, మంచినీళ్లు తాగి వెళ్లు" అని తనే చెంబు అందించారు. తాగాను.

తిరిగొచ్చి ఫాదర్‌కి చెప్పాను. అంతా విని, "నన్ను అడిగియుండినచో వలదనియుందును" అన్నారు. ప్రార్థన పుస్తకం తెరిచారు. శిక్ష పెంచలేదు, తగ్గించలేదు.

ఏడాది

ఆ ఏడాది గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకే గొప్ప ఏడాది. సుగుణమ్మ ప్రతి ఆదివారం పొద్దున మా గుడికి వచ్చి చివరి వరసలో మోకరిల్లేది. నెలకోసారి తల్లిని రిక్షాలో ఆమె గుడి దాకా దించి, వాకిట్లోనే నిలబడి, అయ్యాక తీసుకెళ్లేది. శనివారం తల్లికి పిండి జల్లించి ఇచ్చేది. ఆ రొట్టె ముక్క ఆమెకు లేదు, మా సత్ప్రసాదం ఆమెకు లేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "ఎలా ఆగుతున్నావమ్మా?" అన్నాను. "ఆకలైతున్నదంటె బతికున్నట్టే కదన్నా," అని నవ్వింది. ఈసారి అడగడం నేర్చుకున్నాను కదా. అడిగితే ఇలాంటి జవాబులు వస్తాయి.

ఈస్టర్

1953లో ఈస్టర్ ఏప్రిల్ మొదటి ఆదివారమే వచ్చింది. శనివారం సాయంత్రం సుగుణమ్మ ఫాదర్ ముందు సువార్త మీద చెయ్యి పెట్టి విశ్వాస ప్రమాణం చేసింది. పాపసంకీర్తనం చేసుకుంది. మర్నాడు పొద్దున ఆరు గంటల పూజలో మొదటి సత్ప్రసాదం.

ఎస్తేరమ్మ వచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. వాళ్ల గుడిలో ఆ రోజు బల్ల తొమ్మిదింటికి. రొట్టె చేసి అయ్యగారి ఇంట్లో ఇచ్చేసి, ఇటు వచ్చింది. మూడో వరసలో కూర్చోబెట్టాను. ఒకవైపు కూతురు, ఒకవైపు నేను. లాటిన్‌లో జరిగే పూజ, ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా కళ్లు తిప్పకుండా చూసింది.

సత్ప్రసాదానికి గంట మోగింది. ఈస్టర్ రోజు మా గుడిలో కూర్చునేవాళ్లుండరు. అందరూ పాపసంకీర్తనం చేసుకుని, పరగడుపున వచ్చి ఉంటారు. ముందు వరస లేచింది, రెండో వరస లేచింది. సుగుణమ్మ తల్లి భుజం మీద చెయ్యి వేసి, తీసి, లేచి వెళ్లింది. మా బెంచీ ఖాళీ అయింది. చుట్టూ బెంచీలన్నీ ఖాళీ. వేరే సంఘంవాళ్లకు మా సత్ప్రసాదం ఇవ్వరు కాబట్టి ఎస్తేరమ్మ ఒక్కతే మిగిలింది. కూర్చోవడానికి ఆమెకు తెలిసిన అర్థం ఒకటే, తప్పు చేసి ఆగిన మనిషని. ముందు బెంచీ అంచును రెండు చేతులతో పట్టుకుంది.

సగం లేచిన నేను మళ్లీ కూర్చున్నాను. ఒకప్పుడు ఈమె బిడ్డను నా నోటితో కూర్చోబెట్టాను, ఇవాళ ఈమెను ఒంటరిగా వదిలి వెళ్లను, ఫాదర్ ఏమన్నా సరే అనుకున్నాను. గట్టిగానే అనుకున్నాను.

"నువ్వు పోవా కొడుకా?" అంది మెల్లగా.

"పోను పెద్దమ్మా. మీతోనే కూసుంట."

ఆమె నావైపు తిరిగింది. కోపంగా చూసింది.

"నాకేం తోడు? నేనేమన్న తప్పు చేసిన్నా? నా బల్ల నాకు తొమ్మిదింటికి ఉన్నది. అగో, నా బిడ్డ ఒక్కతే పోతున్నది చూడు. లే. తోడు పో."

లేచాను. నలుగురిని దాటుకుని వెళ్లి సుగుణమ్మ పక్కన మోకరిల్లాను. ఎవరు వచ్చారా అని ఆమె తల తిప్పలేదు. సత్ప్రసాదం గిన్నె పట్టుకుని, ఒక్కొక్కరికీ పెట్టుకుంటూ ఫాదర్ కుడివైపు నుంచి వస్తున్నారు.